మిర్చి ధరల పట్టిక నుంచి చార్ట్ దాకా: ఎక్సెల్‌లో చార్టులు గీసి తీర్చిదిద్దే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ జోరుగా సాగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక కమీషన్ దుకాణం గుమాస్తా రోజూ రాసే అంకెలు తక్కువేమీ కావు. ఏ రకం ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, కనిష్ఠ ధర ఎంత, గరిష్ఠ ధర ఎంత, ఎక్కువ సరుకు ఏ ధరకు కదిలింది అనే నాలుగింటినే తీసుకున్నా, మూడు రకాలకు నెల తిరిగేసరికి సుమారు రెండు వందల యాభై గడులు నిండుతాయి. ఆ పట్టికను యజమాని ముందు పెడితే ఆయన చివరి వరుస చూసి పక్కన పెడతారు. అదే పట్టిక నుంచి తగిన చార్ట్ ఒకటి తీసి చూపితే, ధర ఏ రోజు జారడం మొదలైందో, ఆ రోజుల్లోనే రాబడి (యార్డుకు వచ్చే సరుకు) పెరిగిందో లేదో చూడగానే తెలుస్తుంది.

ఈ మార్గదర్శిలో ఎక్సెల్‌ను ప్రధానంగా తీసుకున్నాను. గూగుల్ షీట్స్‌లోనూ లిబ్రెఆఫీస్ కాల్క్‌లోనూ పద్ధతి వేరుగా ఉన్న చోట్ల ఆ సంగతి చెప్పాను. మెనూల పేర్లను తెరపై కనిపించే ఆంగ్ల పదాలనే తెలుగు లిపిలో రాశాను, ఎందుకంటే వాటిని అనువదిస్తే వెతుక్కోవడం కష్టమవుతుంది. కింది పట్టికలోని ధరలు, టిక్కీల సంఖ్యలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవి మాత్రమే. యార్డు ప్రకటించిన ధరలు కావు.

| తేదీ | తేజ | 334 రకం | టిక్కీలు |
|---|---|---|---|
| 3-3-2025 | 13,200 | 11,400 | 380 |
| 4-3-2025 | 13,400 | 11,400 | 350 |
| 5-3-2025 | 13,300 | 11,200 | 460 |
| 6-3-2025 | 12,900 | 11,000 | 610 |
| 7-3-2025 | 12,600 | 10,900 | 640 |
| 10-3-2025 | 12,100 | 10,700 | 820 |
| 11-3-2025 | 12,200 | 10,700 | 700 |
| 12-3-2025 | 12,500 | 10,800 | 520 |

తేజ, 334 అనేవి మిర్చి రకాలు. వాటి ధరలు క్వింటాలుకు రూపాయల్లో ఉన్నాయి. శీర్షిక వరుస ఎ1 నుంచి డి1 వరకు, అంకెలు తొమ్మిదో వరుస వరకు ఉన్నాయనుకుందాం.

పట్టికను సిద్ధం చేయడం

చార్ట్ సరిగా రాలేదని నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువ మందికి ఇబ్బంది చార్ట్‌లో కాక పట్టికలోనే ఉండేది. అందువల్ల ఇన్సర్ట్ మెనూ తెరవడానికి ముందు ఇక్కడ పావుగంట గడపడం మంచిది.

ఒక రోజుకు ఒక వరుస, ఒక కొలతకు ఒక నిలువు వరుస ఉండాలి. శీర్షిక ఒక్క వరుసలోనే ఉండాలి. అందం కోసం గడులను కలిపేయడం, వారం మారినప్పుడల్లా మధ్యలో ఖాళీ వరుస వదలడం, అడుగున మొత్తం వేయడం కాగితపు లెక్కకు బాగుంటాయి గానీ చార్ట్‌ను చెడగొడతాయి. టిక్కీల మొత్తం ఉన్న వరుసను కూడా ఎంచుకుంటే, ఆ మొత్తానికి ఒక తాటిచెట్టంత కడ్డీ లేచి, మిగతా రోజులన్నీ దాని పక్కన గడ్డిపోచల్లా మిగులుతాయి.

తర్వాత చూడవలసినది అంకెలు నిజంగా అంకెలేనా అన్నది. మనకు చేతిరాత బిల్లుల నుంచి వచ్చిన అలవాటు ప్రకారం 13,200/- అని కొడితే, ఎక్సెల్ దృష్టిలో అది సంఖ్య కాదు, మాట. ముందు రూ. అని చేర్చి కొట్టినా చాలా కంప్యూటర్లలో అంతే. చార్ట్‌లో మాటకు విలువ సున్నా కనుక, గీత ఆ రోజు నేలకు పడిపోతుంది. దీన్ని గుర్తించడం తేలిక: గడిలో అమరికను మనం మార్చనంత వరకు సంఖ్యలు కుడి అంచుకు, మాటలు ఎడమ అంచుకు చేరి ఉంటాయి. గడిలో 13200 అని మాత్రమే కొట్టి, రూపాయి గుర్తు కావాలంటే ఫార్మాట్ సెల్స్‌లో కరెన్సీ ఎంచుకోవాలి.

తేదీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే, మనం మార్చి 5 అనుకుని కొట్టిన 05-03-2025 దానికి మే 3 అవుతుంది. అదే 13-03-2025 కొడితే, పదమూడో నెల లేదు కనుక అది మాటగా మిగిలిపోతుంది. ఫలితంగా నెలలో మొదటి 12 రోజులు పన్నెండు వేర్వేరు నెలలకు చెదిరిపోతాయి, మిగిలిన రోజులు తేదీలే కాకుండా పోతాయి. విండోస్‌లోని రీజియన్ సెట్టింగ్‌ను ఇంగ్లిష్ ఇండియాకు మార్చి, ఆ తర్వాతే తేదీలు కొట్టాలి. గూగుల్ షీట్స్‌లో అయితే ఫైల్ మెనూలోని సెట్టింగ్స్ తెరిచి లొకేల్ దగ్గర ఇండియా పెట్టాలి. ముందే కొట్టేసిన తేదీలు ఈ మార్పుతో వాటంతట అవి సరికావు. వాటిని ఒక్కొక్కటిగా సరిచూడాల్సిందే.

మిర్చి వ్యాపారంలో ఉన్నవారికే ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. మన రకాల పేర్లలో సగం అంకెలే: 334, 341, నంబర్ 5. శీర్షిక గడిలో ఉత్త 334 అని రాస్తే, ఎక్సెల్ దాన్ని పేరుగా కాక ధరగా భావించి, మొదటి బిందువును 334 రూపాయల దగ్గర పెట్టే ప్రమాదం ఉంది. 334 రకం అని మాట చేర్చి రాస్తే ఈ బాధ ఉండదు. మొదటి నిలువు వరుసలో తేదీలకు బదులు 2021, 2022 లాంటి సంవత్సరాలు ఉన్నప్పుడు కూడా ఇదే జరిగి, సంవత్సరాలు సైతం ఒక గీతగా చార్ట్‌లోకి ఎక్కుతాయి. అప్పుడు ఎ1 గడిని ఖాళీగా వదిలి చార్ట్ వేస్తే, ఆ నిలువు వరుసను ఎక్సెల్ పేర్లుగా తీసుకుంటుంది.

పట్టిక సిద్ధమయ్యాక అందులో ఏదో ఒక గడిలో ఉండి కంట్రోల్, టి కలిపి నొక్కితే అది ఎక్సెల్ టేబుల్‌గా మారుతుంది. రేపు కింద కొత్త వరుస చేర్చగానే చార్ట్ కూడా దానంతట అదే పెరుగుతుంది. ఇది చేయనివారు నెలాఖరున చార్ట్‌లో సగం రోజులే ఉన్నాయని తెలుసుకుని మళ్లీ మొదటి నుంచి గీస్తుంటారు.

మొదటి చార్ట్

1. ఎ1 నుంచి సి9 వరకు ఎంచుకోండి. టిక్కీల వరుసను ఇప్పుడే కలపవద్దు. వేల రూపాయల పక్కన వందల టిక్కీలు అడుగున అంటుకుపోయి కనిపిస్తాయి.
2. ఇన్సర్ట్ ట్యాబ్‌లో చార్ట్స్ భాగానికి వెళ్లి, లైన్ చార్ట్‌లలో మార్కర్లు ఉన్నదాన్ని ఎంచుకోండి. ఏది వాడాలో తేలకపోతే రికమెండెడ్ చార్ట్స్ నొక్కి చూడవచ్చు గానీ, ఆ సలహాను చివరి మాటగా తీసుకోవద్దు. అది అంకెల ఆకారాన్ని చూస్తుందే తప్ప మన ప్రశ్న ఏమిటో దానికి తెలియదు.
3. అడ్డంగా తేదీలు రావలసిన చోట రకాల పేర్లు వచ్చి, గీతలు రోజుకొకటిగా ఎనిమిది కనిపిస్తే, చార్ట్ డిజైన్ ట్యాబ్‌లోని స్విచ్ రో కాలమ్ నొక్కండి.
4. ఏదైనా గీత అనవసరంగా వచ్చినా, రావలసినది రాకపోయినా, చార్ట్‌పై కుడి క్లిక్ చేసి సెలెక్ట్ డేటా తెరిచి అక్కడే చేర్చండి లేదా తీసేయండి.

తొందరలో ఉన్నవారు పట్టికను ఎంచుకుని ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కితే అదే షీట్‌పై చార్ట్ వస్తుంది. ఎఫ్11 ఒక్కటే నొక్కితే విడి షీట్‌లో వస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఇన్సర్ట్, చార్ట్ నొక్కగానే కుడివైపు ఎడిటర్ తెరుచుకుంటుంది. అందులో సెటప్ ట్యాబ్‌లో రకం, అంకెల పరిధి, కస్టమైజ్ ట్యాబ్‌లో రూపం మారుతాయి. కాల్క్‌లో నాలుగు మెట్ల విజార్డ్ వస్తుంది: రకం, పరిధి, సిరీస్‌లు (ఒక్కో గీతకు చెందిన అంకెల వరుసలు), చివరగా శీర్షిక మొదలైన అంశాలు. కాల్క్‌లో ఆ తర్వాత ఏ మార్పు చేయాలన్నా ముందు చార్ట్‌పై రెండుసార్లు క్లిక్ చేసి లోపలికి వెళ్లాలి. ఇది తెలియక మెనూలు కనిపించడం లేదని కంగారుపడేవారిని చూశాను.

ఏ ప్రశ్నకు ఏ చార్ట్

రోజులు గడిచేకొద్దీ ధర ఎటు నడిచింది అనే ప్రశ్నకు లైన్ చార్ట్, ఏ రోజు ఎన్ని టిక్కీలు వచ్చాయనే ప్రశ్నకు నిలువు కడ్డీల కాలమ్ చార్ట్ సరిపోతాయి. ఏ ఊరి నుంచి ఎంత సరుకు వచ్చిందో పోల్చాలంటే అడ్డ కడ్డీల బార్ చార్ట్ మేలు. సత్తెనపల్లి, ప్రత్తిపాడు, పెదనందిపాడు లాంటి పొడవైన పేర్లు కాలమ్ చార్ట్ కింద ఒరిగిపోయి మెడ వంచి చదవాల్సి వస్తుంది, బార్ చార్ట్‌లో తిన్నగా నిలబడతాయి. బార్ చార్ట్‌లో ఒక వింత ఉంది. పట్టికలో మొదట ఉన్న ఊరు చార్ట్‌లో అట్టడుగున వస్తుంది. నిలువు అక్షాన్ని ఎంచుకుని కంట్రోల్, 1 కలిపి నొక్కి, కుడివైపు తెరుచుకున్న చోట క్యాటగిరీస్ ఇన్ రివర్స్ ఆర్డర్ అనే గడిలో టిక్ పెడితే పట్టిక క్రమం తిరిగి వస్తుంది.

వృత్తాన్ని ముక్కలుగా కోసి చూపే పై చార్ట్ (Pie) గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. మొత్తంలో భాగాలు మూడో నాలుగో ఉండి, అందులో ఒకటి స్పష్టంగా పెద్దదైనప్పుడు తప్ప దాన్ని వాడవద్దు. తొమ్మిది రకాల మిర్చిని తొమ్మిది ముక్కలుగా కోసి చూపితే ఏ ముక్క పెద్దదో కంటికి తెలియదు. దానికి మూడు కొలతల వంపు కూడా తోడైతే, ముందువైపు ముక్క ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.

యార్డు ధరలకు అతికినట్టు సరిపోయే చార్ట్ ఒకటి ఎక్సెల్‌లో షేర్ మార్కెట్ కోసం పెట్టిన విభాగంలో దాగి ఉంది. ఒకే రోజు ఒకే రకంలో మేలు కాయకూ మామూలు కాయకూ ధర వేలల్లో తేడా ఉంటుంది కనుక, ఒక్క సగటు గీత ఆ వెడల్పును దాచేస్తుంది. తేదీ పక్కన గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, ఎక్కువ సరుకు కదిలిన ధర అనే మూడు నిలువు వరుసలను సరిగ్గా ఈ క్రమంలోనే రాసి, మొత్తం ఎంచుకుని, ఇన్సర్ట్‌లో స్టాక్ విభాగం నుంచి హై లో క్లోజ్ ఎంచుకోండి. ప్రతి రోజుకూ ఒక నిలువు గీత, దాని మీద మూడో ధర దగ్గర ఒక చిన్న గుర్తు వస్తాయి. ఆ గుర్తు మరీ చిన్నదిగా ఉంటుంది కనుక, మూడో సిరీస్‌ను ఎంచుకుని మార్కర్ పరిమాణం పెంచాలి. గీత పొడవు పెరుగుతూ గుర్తు కిందికి జారుతోందంటే, మేలు కాయ ధర నిలబడినా ఎక్కువ సరుకు తక్కువ ధరకే పోతోందని అర్థం. ధరల నిలువు వరుసలు మూడు కాకపోతే ఎక్సెల్ చార్ట్ వేయడానికే నిరాకరించవచ్చు. తాలు కాయల ధరను మాత్రం ఇందులో కలపకండి. దానికి వేరే వరుస, వేరే చార్ట్ ఉండాలి.

రాబడి పెరిగిన రోజున ధర తగ్గుతుందా అన్నదే ప్రశ్న అయితే తేదీని పక్కన పెట్టి, టిక్కీలను అడ్డంగా, ధరను నిలువుగా వేసే స్కాటర్ చార్ట్ గీయవచ్చు. ఎనిమిది చుక్కలతో ఏ నిర్ణయానికీ రావద్దు, సీజన్ మొత్తం అంకెలు పోగయ్యాక చూడండి.

సెలవు రోజులు

యార్డుకు శని, ఆదివారాలు సెలవు. పై పట్టికలో 7 తర్వాత 10 వచ్చింది అందుకే. ఈ రెండు రోజులను ఎలా చూపాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, నేను పరువు పోగొట్టుకున్నది ఇక్కడే. కొన్నేళ్ల కిందట ఒక దుకాణానికి నెల చార్ట్ తయారు చేస్తూ, సెలవు రోజుల గడులను ఖాళీగా ఉంచడం ఎందుకని సున్నాలు వేశాను. చార్ట్‌లో తేజ గీత ప్రతి శనివారం నేలకు దూకి, సోమవారం మళ్లీ పైకి లేచింది. యజమాని కళ్లజోడు సవరించుకుని చూసి, "ఏమండీ, శని ఆదివారాల్లో కాయలు ఊరికే ఇచ్చేశామా?" అని అడిగారు. సున్నా అంటే ధర సున్నా అని, ఖాళీ అంటే ధరే లేదని ఆ రోజు ఒంటబట్టింది.

కాబట్టి సెలవు రోజుకు వరుసే పెట్టకపోవడం ఒక పద్ధతి. అప్పుడు అడ్డ అక్షాన్ని ఎంచుకుని కంట్రోల్, 1 నొక్కితే యాక్సిస్ టైప్ అనే చోట, ఎక్సెల్‌కే వదిలేసే ఎంపిక కాక, మరో రెండు దారులు కనిపిస్తాయి. డేట్ యాక్సిస్ పెడితే శుక్రవారానికీ సోమవారానికీ మధ్య మూడు రోజుల దూరం ఉంటుంది, గీత ఆ ఖాళీ మీదుగా సాగిపోతుంది. టెక్స్ట్ యాక్సిస్ పెడితే రోజులన్నీ సమాన దూరంలో నిలుస్తాయి. ధర గీతకు మొదటిది న్యాయంగా ఉంటుంది. టిక్కీల కడ్డీలకు రెండోది నయం, ఎందుకంటే డేట్ యాక్సిస్‌లో కడ్డీలు సన్నబడి మధ్యలో పళ్లూడినట్టు ఖాళీలు వస్తాయి.

సెలవు రోజుకూ వరుస ఉండాలనుకుంటే ధర గడిని నిజంగా ఖాళీగా వదలాలి. అందులో సెలవు అని రాయడం కూడా పనికిరాదు, ఎందుకంటే ముందే చెప్పినట్టు మాటకు విలువ సున్నా. సెలెక్ట్ డేటా కిటికీలో అడుగున ఉన్న హిడెన్ అండ్ ఎంప్టీ సెల్స్ నొక్కితే, ఖాళీ గడి దగ్గర గీత తెగాలా, సున్నాకు పోవాలా, రెండు వైపులా ఉన్న బిందువులు కలవాలా అనే మూడు ఎంపికలు ఉంటాయి. గడిలో ఫార్ములా ఉంటే అది ఖాళీగా కనిపించినా ఖాళీ కాదు. అటువంటి చోట ఫార్ములా చివర ఖాళీ కొటేషన్లకు బదులు ఎన్, ఏ అనే రెండు అక్షరాల ఫంక్షన్ రాయాలి. అదే కిటికీలో దాచిన వరుసలను కూడా చూపమనే గడి ఉంది. ఫిల్టర్ పెట్టగానే చార్ట్‌లో గీతలు మాయమయ్యాయని అనుకునేవారికి మందు అదే.

నిలువు అక్షం

నిలువు అక్షం ఎక్కడ మొదలవాలన్నది ఎక్సెల్‌కు పూర్తిగా వదిలేయకూడదు. గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా గరిష్ఠంలో సుమారు ఆరో వంతుకు మించకపోతే, అది అక్షాన్ని సున్నా నుంచి మొదలుపెట్టదు. మన పట్టికలో తేజ ఒక్కదాన్నే కాలమ్ చార్ట్‌గా వేసి చూడండి. నేల 11,400 దగ్గరకు లేస్తే, 13,400 రూపాయల కడ్డీ ఎత్తు 2,000 అవుతుంది, 12,100 రూపాయల కడ్డీ ఎత్తు 700 మాత్రమే. చూసినవారు ధర మూడో వంతుకు పడిపోయిందనుకుంటారు. నిజానికి పడింది పదో వంతు కూడా కాదు. కడ్డీలో పొడవే విలువ కనుక కడ్డీల చార్ట్‌కు మినిమమ్ దగ్గర తప్పనిసరిగా 0 రాయండి. లైన్ చార్ట్‌లో మనం చూసేది వాలును కనుక అక్కడ సున్నా తప్పనిసరి కాదు. 10,000 నుంచి మొదలుపెట్టవచ్చు, ఆ సంగతి శీర్షిక కింద ఒక ముక్క రాస్తే చాలు.

ఒకసారి మన చేత్తో మినిమమ్, మ్యాగ్జిమమ్ రాశాక అవి అక్కడే బిగుసుకుపోతాయి. మ్యాగ్జిమమ్ 14,000 అని పెట్టిన చార్ట్‌లో వచ్చే నెల ధర 15,000 అయితే గీత పైకప్పు దాటి కనిపించకుండా పోతుంది. పక్కన ఉన్న రీసెట్ నొక్కితే పట్టు సడలుతుంది.

ఇక కామాలు. అక్షం మీద 1,250,000 అని కనిపిస్తే మనవాళ్లు ఒక క్షణం ఆగి లెక్కపెట్టుకోవాలి. 12,50,000 అయితే ఆగక్కర్లేదు. విండోస్ రీజియన్ ఇండియాకు ఉంటే ఇది సాధారణంగా దానంతట అదే వస్తుంది. రాకపోతే అక్షాన్ని ఎంచుకుని కంట్రోల్, 1 నొక్కి, నంబర్ భాగంలో ఫార్మాట్ కోడ్ దగ్గర ఈ వరుసను రాసి యాడ్ నొక్కండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

గూగుల్ షీట్స్‌లో ఇదే కోడ్‌ను గడుల ఫార్మాట్‌గా పెడితే సరి. అంకెలు మరీ పెద్దవైతే అక్షం ఆప్షన్లలోని డిస్‌ప్లే యూనిట్స్ జాబితాలో 100000 ఎంచుకోండి. అది మన లక్షే. పక్కన వచ్చే చిన్న రాతపై క్లిక్ చేసి లక్షల్లో అని మార్చుకోవచ్చు. అదే జాబితాలో 10000000 కూడా ఉంది, అది కోటి. గూగుల్ షీట్స్‌లో అయితే పట్టికలోనే పక్క వరుసలో 100000తో భాగించుకోవచ్చు.

ధర, రాబడి ఒకే చార్ట్‌లో

ఇప్పుడు సెలెక్ట్ డేటా తెరిచి డి వరుసను కూడా కలుపుదాం. చార్ట్‌పై కుడి క్లిక్ చేసి చేంజ్ చార్ట్ టైప్‌లో అడుగున ఉన్న కాంబో తెరవండి. అక్కడ చాలామంది ధరలను మామూలు అక్షం మీద, టిక్కీలను సెకండరీ యాక్సిస్ మీద కడ్డీలుగా పెడతారు. అలా పెడితే కడ్డీలు గీతలను కప్పేస్తాయి, ఎందుకంటే సెకండరీ అక్షానికి చెందినదాన్ని ఎక్సెల్ ఎప్పుడూ పైన గీస్తుంది. తిరగేసి చేయండి. టిక్కీలను క్లస్టర్డ్ కాలమ్‌గా మామూలు అక్షం మీద ఉంచి, తేజ, 334 రెండింటినీ లైన్‌గా మార్చి సెకండరీ యాక్సిస్ గడిలో టిక్ పెట్టండి. ఆపై టిక్కీల అక్షానికి మ్యాగ్జిమమ్ 2,000 అని రాస్తే, 820 దాటని కడ్డీలు కింది సగంలోనే ఉండిపోతాయి. ధరల అక్షానికి మినిమమ్ 8,000, మ్యాగ్జిమమ్ 14,000 రాస్తే గీతలు పై భాగంలో నడుస్తాయి. మార్చి 6 నుంచి 10 వరకు కడ్డీలు ఎదుగుతుంటే గీతలు దిగడం, 12న కడ్డీ కుంచించుకోగానే గీత కాస్త తేరుకోవడం అప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి.

కడ్డీల మధ్య సందు ఎక్సెల్‌లో మామూలుగా 219 శాతం ఉంటుంది, అంటే కడ్డీ కంటే ఖాళీయే రెండింతలు. ఒక కడ్డీపై క్లిక్ చేసి కంట్రోల్, 1 నొక్కి గ్యాప్ విడ్త్‌ను 60 లేదా 70కి తగ్గించండి. కడ్డీలకు లేత బూడిద రంగు చాలు. రెండు అక్షాల చార్ట్‌లో గీత కడ్డీని దాటిన చోటుకు ఏ అర్థమూ లేదని మరవకండి; అక్షం అంకెలు మారిస్తే ఆ చోటు కూడా మారిపోతుంది.

హద్దు గీత: కృష్ణా వరద ఉదాహరణ

ధరలకు కొనుబడి హద్దు ఉన్నట్టే కొన్ని అంకెలకు దాటకూడని గీతలు ఉంటాయి. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండో హెచ్చరిక జారీ చేస్తారు. 2024 సెప్టెంబర్ 2న ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాకా వెళ్లింది. గంట గంటకు ప్రవాహాన్ని లక్షల్లో ఒక వరుసలో రాసుకుని, పక్కన ఒక వరుస నిండా 3.97, మరో వరుస నిండా 5.69 రాసి లైన్ చార్ట్ వేస్తే, రెండు అడ్డ గీతల మీదుగా వరద గీత ఎప్పుడు ఎక్కిందో గంటతో సహా తెలుస్తుంది. అడ్డ గీతలకు మార్కర్లు తీసేసి డ్యాష్ టైప్‌లో తెగిన గీత ఎంచుకోండి. మీ దుకాణం చార్ట్‌లో కొనుగోలు ధర గీతను కూడా ఇదే విధంగా చేర్చవచ్చు.

అక్షరాలు, రంగులు

చార్ట్ శీర్షికలో పట్టిక పేరు రాయడం కంటే జరిగింది రాయడం మేలు. "మిర్చి ధరలు" అనేదాని కంటే "రాబడి పెరిగిన వారంలో తేజ 1,300 రూపాయలు తగ్గింది" అనేది చదివేవారికి పని తప్పిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో క్వింటాలుకు రూపాయల్లో అని కొలత రాయండి. శీర్షికను గడితో ముడివేయవచ్చు కూడా: శీర్షికను ఎంచుకుని, పైన ఫార్ములా పట్టీలో సమాన గుర్తు కొట్టి, ఆ మాట ఉన్న గడిపై క్లిక్ చేసి ఎంటర్ నొక్కితే, గడిలో మాట మారినప్పుడల్లా శీర్షిక మారుతుంది.

తెలుగు శీర్షికలకు నిర్మలా యూఐ, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలుగా మారుతుంది. నిలువు అక్షం పేరును ఎక్సెల్ పక్కకు తిప్పి రాస్తుంది. గుణింతాలు, ఒత్తులు ఉన్న మన లిపి అలా పడుకుంటే చదవలేం. దాన్ని తీసేసి కొలతను శీర్షిక కిందికి తెచ్చేయడం ఉత్తమం. ఒత్తుల అడుగు భాగం తెగినట్టు కనిపిస్తే, ప్లాట్ ఏరియాను (గీతలు, కడ్డీలు ఉండే భాగాన్ని) కొంచెం చిన్నది చేసి చుట్టూ చోటు వదలండి.

రెండు గీతలే ఉన్నప్పుడు, ఏ రంగు గీత దేనిదో చెప్పే లెజెండ్ పెట్టె అక్కర్లేదు. గీతపై ఒకసారి క్లిక్ చేస్తే మొత్తం గీత, కాస్త ఆగి చివరి బిందువుపై మళ్లీ క్లిక్ చేస్తే ఆ ఒక్క బిందువు ఎంపికవుతాయి. అప్పుడు కుడి క్లిక్‌తో యాడ్ డేటా లేబుల్ పెట్టి, లేబుల్ ఆప్షన్లలో సిరీస్ నేమ్ టిక్ చేస్తే గీత కొసనే తేజ అని పేరు వస్తుంది. ప్రతి బిందువుకూ అంకె వేయవద్దు. గరిష్ఠం, కనిష్ఠం, చివరిది చాలు. గ్రిడ్‌లైన్లు లేత బూడిదలో ఉండాలి.

తేజకు ముదురు ఎరుపు ఎవరికైనా తోస్తుంది. దాని పక్కన 334కు ఆకుపచ్చ మాత్రం పెట్టవద్దు, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కళ్లున్నవారు మనలో ఉన్నారు. నీలం పెట్టండి. పైగా దుకాణాల్లో ప్రింటర్లు ఎక్కువగా నలుపు తెలుపువి కనుక, ఒక గీతను తెగిన గీతగా ఉంచితే జెరాక్స్‌లోనూ రెండూ విడిగా తెలుస్తాయి.

చార్ట్‌ను పంపించడం

చార్ట్‌ను ఎంచుకుని కంట్రోల్, పి నొక్కితే చార్ట్ ఒక్కటే పేజీ నిండా వస్తుంది. పక్కన ఖాళీ గడిపై క్లిక్ చేసి నొక్కితే పట్టికతో కలిసి వస్తుంది. వాట్సాప్‌లో పంపాలంటే చార్ట్‌పై కుడి క్లిక్ చేసి సేవ్ యాజ్ పిక్చర్‌తో పీఎన్‌జీగా దాచుకుని, ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అంకెలు మసకబారతాయి. గూగుల్ షీట్స్‌లో చార్ట్ మూల ఉన్న మూడు చుక్కల్లో డౌన్‌లోడ్ ఉంటుంది.

వర్డ్‌లోకో పవర్‌పాయింట్‌లోకో అతికించేటప్పుడు పేస్ట్ ఆప్షన్లను చూసి నొక్కండి. లింక్ డేటా ఎంచుకుంటే అసలు ఫైల్ చోటు మారిన రోజున లింకు తెగుతుంది. ఎంబెడ్ వర్క్‌బుక్ ఎంచుకుంటే ఎక్సెల్ ఫైల్ మొత్తం, అంటే పక్క షీట్లలోని రైతుల ఖాతాలు, బాకీలతో సహా ఆ డాక్యుమెంట్‌లో దూరి కూర్చుంటుంది. చార్ట్‌పై కుడి క్లిక్ చేసి ఎడిట్ డేటా నొక్కిన ఎవరికైనా అవి కనిపిస్తాయి. బయటివారికి వెళ్లే కాగితమైతే పిక్చర్‌గానే అతికించాలి.

ఇంత చేసిన రూపాన్ని వచ్చే నెల మళ్లీ మొదటి నుంచి దిద్దక్కర్లేదు. చార్ట్‌పై కుడి క్లిక్ చేసి సేవ్ యాజ్ టెంప్లేట్ నొక్కి, మిర్చి నెలవారీ అని పేరు పెట్టుకోండి. ఏప్రిల్ పట్టిక సిద్ధమయ్యాక చేంజ్ చార్ట్ టైప్‌లో టెంప్లేట్స్ తెరిస్తే రంగులు, గ్యాప్ విడ్త్, ఫాంట్లు అన్నీ అదే విధంగా వస్తాయి. మార్చిలో మన చేత్తో బిగించిన మినిమమ్, మ్యాగ్జిమమ్ కూడా వాటితోపాటే రావచ్చు కనుక, కొత్త నెల చార్ట్ తెరవగానే ముందుగా నిలువు అక్షాన్ని చూసుకోండి.